ఆట ముగిసిన పిదప

సంక్రాంతి దినములలో మన గోదావరి సీమ గ్రామములందు కబడ్డీ పందెములు జరుగుట చదువరు లెల్లరు నెఱిగినదే. బడి దొడ్డిలోనో, కొబ్బరితోట ప్రక్కనున్న ఖాళీనేలలోనో మన్ను చదును చేసి, సున్నముతో గీతలు గీయుదురు. చీకటి పడినంతనే దీపములు వెలుగును. కూతకు వెళ్లినవాడు ముగ్గురు నలుగురిని తాకి గీత దాటి వచ్చినప్పుడు జనులు వేయు కేక ప్రక్కయూరికి వినబడును. వానిని భుజముల మీద నెత్తుకొందురు. నోట్లదండ వేయుదురు. మఱునాడు కాఫీహోటలులో వానియొద్ద పైకము పుచ్చుకొనరు. ఇదంతయు ముచ్చటైనదే. కాని గీత దాటి వచ్చిన యా మనుష్యుడే యొకనాడు గీత దాటలేక కూలిపోయినయెడల, వానికిని, కేక వేసిన జనులకును నడుమ మిగులు సంబంధ మేమి? వాని గెలుపు మన యూరి గెలుపనియు, వాని గాయము మాత్రము వాని గాయమేయనియు చెప్పి మనము చేతులు దులుపుకొనవచ్చునా? ఈ ప్రశ్నను మేము చిరకాలముగా మోయుచున్నాము. మోయుటకు మాకు స్వంతకారణ మొకటి కలదు. దానిని దాచము, కాని దానికి ముందు పెద్దవారి జీవితమును కొంచెము చూతము.

సికిందరాబాదు చెంత అమ్ముగూడ యను గ్రామమున 1936లో తులసీదాస్ బలరాముగారు బీదయింట బుట్టిరి. ఆడుకొనుటకు బూట్లు కొనలేక, పోలీసువారు పాఱవేసిన పాతబూట్లను చర్మకారునిచేత కుట్టించుకొని ఫుట్‌బాలు నేర్చిరని చెప్పుదురు. ఆ పిల్లవాని యాటను సయ్యద్ అబ్దుల్ రహీముగారు కనిపెట్టిరి. రహీముగారు హైదరాబాదు నగర పోలీసు జట్టును, పిదప భారతజట్టును తీర్చిన మహాశిక్షకులు. వృత్తిచేత మావలెనే బడిపంతులు. దూరమునుండి వచ్చి సాధన చేయుటకు బలరాముగారియొద్ద డబ్బు లేకపోగా, సైకిలు అద్దెకు దినమున కొక రూపాయి యిప్పించిరని వినుచున్నాము. ఒక యుపాధ్యాయుని కన్ను, ఒక రూపాయి యద్దె, ఇవి యొక బాలుని సముద్రములు దాటించినవి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవస్థానము పొందిన భారతజట్టులో ఆయన యొకరు. అంతకు మిన్నయైన స్థానము ఒలింపిక్సు ఫుట్‌బాలులో మనదేశమునకు నేటివఱకును దక్కలేదు. 1957లో కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడిరి. 1961లో దానికి నాయకులైరి. 1960లో రోమునందు, ఆ పోటీలలో కంచుపతకము నందుకొనిన హంగరీజట్టుపై నొక గోలును, పెరూపై నొక గోలును వేసిరి. 1962 సెప్టెంబరులో జకార్తానగరమున ఆసియా క్రీడల తుదిపోటీలో దక్షిణకొరియాను రెండు గోళ్లకు ఒక గోలుగా నోడించి స్వర్ణపతకము గెలిచిన జట్టునందును ఆయన యుండిరి. ఆ సంవత్సరమే అర్జునపురస్కారము లభించెను. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అను మువ్వురి పేర్లను నాటి జనులు త్రిమూర్తుల పేర్లవలె ఒక్కయూపిరిలో పలికెడివారు.

మఱుసటి సంవత్సరము 1963లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఊపిరితిత్తుల వ్యాధిచేత ఆయన యాట నిలిచిపోయెను. జట్టును తీర్చిన రహీముగారును ఆ 1963లోనే, జూను మాసమున, క్యాన్సరు వ్యాధికి లోనై పరలోకగతులైరి. గురుశిష్యు లిరువురకును మైదాన మొక్క యేడే దూరమైనది.

ఇచ్చట చదువరులు చిన్నలెక్క యొకటి వేయవలెనని మా ప్రార్థన. బలరాముగారు దేశముపక్షమున ఆడినది ఏడేండ్లకు మించదు. ఆట మానిన పిదప ఆయన జీవించినది సుమా రఱువదియేండ్లు. రైల్వేశాఖలో ఉద్యోగము చేసికొనుచు, పిల్లలకు ఆట నేర్పుచు, హుగ్లీనదీతీరమున ఉత్తరపాడలో కాలము గడపి, 2023 ఫిబ్రవరి 16వ తేదీని కలకత్తాలో కన్నుమూసిరి. మన పుస్తకములలో, మన ముచ్చటలలో, ఆయన జీవితమనగా ఆ యేడేండ్లే. తక్కిన యఱువదియేండ్లును ఒక వాక్యము. ఆ యఱువదియేండ్లలో ఆయన యేమి తినెనో, ఎవరితో మాటలాడెనో, ఉదయమున లేచి ఏమి తలచుకొనెనో మనకు పట్టలేదు. తనతోడి మువ్వురిలో గోస్వామిగారికి 1983లోను, బెనర్జీగారికి 1990లోను పద్మశ్రీ బిరుదము వచ్చెను, బలరాముగారికి రాలేదు. ఆ సంగతి తన్ను నొప్పించినదని ఆయన దాచుకొనక చెప్పిరి. ముదుసలి మనుష్యుడు బిరుదముకొఱకు వాపోవుట చిన్నతనమని కొందఱు నవ్వవచ్చును. మాకు నవ్వు రాదు. ఆయన యడిగినది బిరుదము కాదు. తాను ఇంకను ఉన్నాడని ఎవరైన గుర్తింతురా యను ప్రశ్నను ఆయన బిరుదమను పేర నడిగిరి.

ఇది మన వైపు క్రొత్త సంగతి కాదు. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని ముసలివారు మన జిల్లాలలో నుండరు. ఉక్కుగొలుసులను త్రెంచెనని, ఎదపై ఏనుగును నిలుపుకొనెనని మాకు మా తాతగారు చెప్పుచుండెడివారు. శ్రీకాకుళమున నున్న క్రీడాప్రాంగణము ఆయన పేరనే వెలసినది. కాని ఆ మహాబలుని కాలు వ్యాధివలన తీసివేయవలసి వచ్చెననియు, 1942లో ఆయన కన్నుమూసెననియు మా తాతగారు చెప్పలేదు. వారికి తెలియకనో, తెలిసియు చెప్పుటకు మనసొప్పకనో మే మెఱుగము. ఏనుగు కథను మనుమనికి చెప్పుదుము. కాలు కథను చెప్పము. కథను ఎచ్చట ఆపవలెనో మనకు బాగుగ తెలియును.

దీనికి లోకులు చెప్పు సమాధానము తేలికైనది. "ఆటగాని నెవరు బలవంతపెట్టిరి? ఇష్టపడి ఆడెను. కీర్తి పొందెను, జీతమును పొందెను. లెక్క సరిపోయినది" అందురు. ఈ మాట న్యాయముగానే తోచును. ధనమే బాకీని తీర్చునదైనచో ధనము విస్తారముగ నున్నచోట ఈ ప్రశ్న పుట్టరాదు. కావున అట్టిచోటి సంగతి యొకటి చూతము.

అమెరికాదేశమున ఫుట్‌బా లను పేర మఱియొక యాట కలదు. అందు కోడిగ్రుడ్డువలె కోలగా నున్న బంతిని చేత బట్టుకొని పరుగెత్తుదురు; ఎదుటివారు దేహములతో ఢీకొని నిలువరింతురు. తలకు గట్టిటోపీ యున్నను, ఆ తాకుడు లోపలి మెదడును కుదిపివేయును. పిట్స్‌బర్గ్ నగరపు జట్టులో ప్రసిద్ధి కెక్కిన మైక్ వెబ్‌స్టర్ అను నాయన 1974 మొదలు 1990 వఱకు ఆ యాట నాడి, నాలుగు పర్యాయములు ఆ దేశపు పరమవిజయమును గాంచెను. 1997లో ఆటగాండ్ర కీర్తిమందిరమున ఆయనకు స్థాన మిచ్చిరి. అప్పటికే ఆయన జ్ఞాపకము చెదరినది, కుటుంబము విచ్ఛిన్నమైనది. కొన్ని రాత్రులు తన బండిలోనే పండుకొనెడివాడు. 2002లో ఏబదియేండ్లకే మరణించెను. నైజీరియాలో బుట్టి యచ్చట వైద్యుడుగా నున్న బెన్నెట్ ఒమాలుగారు ఆ మెదడును పరీక్షించి, మాటిమాటికి తగిలిన దెబ్బలవలన కలిగిన క్షయమును కనుగొని, 2005లో ప్రకటించిరి. ముష్టియుద్ధము చేయువారికి అట్టిది కలుగునని 1928లోనే మార్ట్‌లాండ్ అను వైద్యుడు వ్రాసియుండెను. అయినను ఆ యాటను నడపు సంఘమువారి వైద్యులు, ఒమాలుగారు తన వ్యాసమును ఉపసంహరించుకొనవలెనని కోరిరి. పిదప వేలకొలది పూర్వక్రీడాకారులు న్యాయస్థానమున కెక్కగా, 2015లో గాని పరిహారపు టొడంబడికకు న్యాయాధిపతి యామోదము లభింపలేదు.

ఈ కథలో ధనమునకు కొఱత లేదు, కీర్తికి కొఱత లేదు. కొఱతయైనది సత్యము. కూలి యిచ్చితిమను మాట, కూలివానికి పనిలోని యపాయమును తెలిపినప్పుడే చెల్లును. ఇంతకు మించిన చిక్కు మఱియొకటి కలదు. మైనరు వ్రాసి యిచ్చిన పత్రము చెల్లదని మన యందఱకును తెలియును. పదునాఱేండ్ల పిల్లవాడు పొలము తాకట్టు పెట్టరాదు. కాని ఆ పదునాఱేండ్ల పిల్లవాడే తన మోకాలిని, తన మెదడును, తన యూపిరిని తాకట్టు పెట్టినప్పుడు మనము చప్పట్లు కొట్టుదుము. వాస్తవమునకు అతడు తాకట్టు పెట్టునది తనది కాదు. రేపటి ఏబదియేండ్ల వానిది. ఆ యేబదియేండ్లవాడు అచ్చట లేడు, సంతకము చేయలేదు, వద్దని చెప్పుటకు వానికి నోరు లేదు. ఆ పత్రముపై సాక్షిసంతకము చేయువారము మనము. సాక్షులమే కాదు, ఆ తాకట్టు సొమ్మును ఆ సాయంకాలమే అనుభవించువారము కూడ.

"కొబ్బరిచెట్టెక్కువాడును దేహమునే వెచ్చించుచున్నాడు గదా! వానికి లేని బాకీ ఆటగానికి మాత్ర మేల?" యని యొక మిత్రుడు మమ్ము నడిగెను. మంచిప్రశ్న. చెట్టు నుండి పడి నడుము విఱిగినవానికిని మనము బాకీయే పడియున్నాము. ఆ బాకీని తీర్చకుండుట ఈ బాకీని ఎగవేయుటకు హేతువు కాజాలదు. కాని యొక భేదము కలదు. చెట్టెక్కువాడు భయపడుచు నెక్కును. భయము వానికి కావలి. అతడు అలసిపోయిన దినమున దిగివచ్చును. క్రిందనుండి వేయిమంది వాని పేరు పెట్టి కేకలు వేయరు. ఆటగానికి నొప్పి తెలియకుండ చేయునది మన కేక. మందు మన మిచ్చితిమి. కావున మందు దిగిన పిదప కలుగు బాధలో మనకు పాలు కలదు.

ఇక మా స్వంతకారణము. మేము పనిచేసిన యొక పాఠశాలలో కోనసీమ బాలుడొకడు చదివెను. కూతకు వెళ్లిన వానిని పట్టుట ఎవరి తరమును గాకపోయెను. ఆ దినములలో ఆటల బాధ్యతయు మా మీదనే యుండెను. పాఠముల నుండి వానికి సెలవిచ్చితిమి. పాఠశాలకు పేరు వచ్చునని మురిసితిమి. పోటీలకు ముందు బాలుర నందఱను కూర్చుండబెట్టి జకార్తా కథ చెప్పితిమి. ఆ పోటీలలో జర్నైల్ సింగు అను వెనుకవరుస ఆటగానికి తలకు గాయమై కుట్లు పడినను, రహీముగారు వానిని ముందువరుసలో నిలుపగా, ఆయన ఫైనలులో గోలు వేసెను. ఈ కథను చెప్పునప్పుడు మా గొంతు గద్గదమైనది. బాలురు కన్నులార్పక వినిరి.

సెమీఫైనలులో మా బాలుని మోకాలు మెలిపడి వాచెను. సాయంకాలము ఫైనలు. అతడు కుంటుచు వచ్చి మా మొగము చూచెను. మేము "ఏమంటావు?" అని యడిగితిమి. అతడు "ఆడతానండి" అనెను. గుడ్డపట్టీ బిగించి కట్టినది మా చేతులే. షీల్డు గెలిచితిమి, ఇప్పటికిని అది అద్దాల బీరువాలో నున్నది. మోకాలిలో లిగమెంటు తెగినదని తరువాత డాక్టరు చెప్పిరి. లెక్కల పరీక్షలో తప్పెను. ఆటయు పోయెను, చదువును పోయెను.

పండ్రెండేండ్ల పిదప, గడచిన శీతకాలమున, అమలాపురము ప్రాంతమున ఒక కొబ్బరికొట్టు ముంగిట వానిని చూచితిమి. కాయలు లెక్కించి గోనెలలో వేయించుచుండెను. కాలు చాపుకొని, పీట మీద కూర్చుండెను. మమ్ము చూడగానే లేవబోయి, లేచుటకు ప్రక్కనున్న స్తంభమును పట్టుకొనెను. వలదంటిమి. కొబ్బరిబొండము కొట్టించి యిచ్చెను. పాతమాటలు వచ్చినవి. తుదకు మాకు మనసాగక, "నాడు నిన్ను ఆడించినది మా తప్పు, నాయనా" అంటిమి. అతడు కొంతసేపు బొండము పెచ్చులను ఏరివేయుచు నూరకుండి, మెల్లగా, "మీరు వద్దంటే ఆగిపోయేవాణ్ణండి మేష్టారూ" అనెను. ఆ మాటలో కోపము లేదు. కోప మున్నయెడల మాకు తేలికగా నుండెడిది. వాని కష్టమునకు "ఇష్టపడి ఆడెను" అను లోకుల సమాధానము నాడు మాకు సరిపోలేదు. మేము "ఏమంటావు?" అని యడిగిన ప్రశ్న ప్రశ్న కాదు, జకార్తా కథ చెప్పినవాడు అడిగినప్పుడు దానికి ఒక్కటే ఉత్తరము.

జర్నైల్ సింగుగారి ధైర్యమును మేము తగ్గించుటలేదు. ఆయన పెద్దవాడు, దేశమునకై తెలిసి నిలిచినవాడు. కాని సుఖాంతమైన సాహసమును పిల్లలకు చెప్పునప్పుడు, సుఖాంతము కాని సాహసములు ఎన్ని కొబ్బరికొట్ల ముంగిట కూర్చున్నవో గూడ చెప్పవలెను. సగము సత్యము చెప్పిన యుపాధ్యాయుడు అసత్యము చెప్పినవానికంటె ఎక్కువ హాని చేయును. ఏలయన, పిల్లలు వానిని నమ్ముదురు.

కావున ఆటలే వలదని కొందఱు తల్లిదండ్రులు చెప్పుదురు. అదియును మాకు సమ్మతము గాదు. కబడ్డీ యను నాటలో ఎదుటివానిని తాకనిదే గెలుపు లేదు, పట్టుకొననిదే గెలుపు లేదు. ఎవరు ఎవరిని తాకరాదో ముత్తాతలు వ్రాసియిచ్చిన పట్టికలను ఆ మట్టినేల ఒక్క సాయంకాలములో చెఱిపివేయును. ఇట్టి యుపకారము చేయు వస్తువును తీసి పాఱవేయుట కాదు, దానికి తగిన మూల్యమును న్యాయముగ చెల్లించుట నేర్చుకొనవలెను.

మనుష్యుడు పుట్టుకతోనే దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడి యున్నాడని మన పెద్దలు చెప్పుదురు. శతపథబ్రాహ్మణమునందు వీనికి తోడు మనుష్యఋణము కూడ చెప్పబడినది. మనుష్యులకు నీడయు నన్నమును పెట్టుటచేత అది తీఱునట. దానము వేఱు, ఋణము వేఱు. దానమునందు ఇచ్చువాడు పైన నుండును. ఋణము తీర్చునప్పుడు ఇచ్చువాడు తల వంచుకొని యిచ్చును. ఆటగాని విషయమున మనము ఇంతవఱకు దానపుభాష మాటలాడితిమి; శాలువ కప్పితిమి, చందా వేసితిమి, పత్రికలో జాలిపడితిమి. ఋణపుభాష నేర్చితిమా?

నేర్చినయెడల చేయవలసిన పనులు పెద్దవి కావు. ఆడుటకు ముందు పిల్లవానికి చదువును గాని, చేతిపనిని గాని తప్పనీయరాదు. బంతి పోయిన దినమున చేతిలో మఱియొకటి మిగులవలెను. ఆడునప్పుడు గాయమైనవానిని "ఏమంటావు?" అని అడుగరాదు, "కూర్చో" అని చెప్పవలెను. చెప్పుటకు అధికారమును, ధైర్యమును ఉన్న పెద్దవా డొకడు గీత ప్రక్కన నుండవలెను. వానికి షీల్డుమీద ఆశ యుండరాదు. ఆట ముగిసిన పిదప వానిని జాలితో కాక పనితో పిలువవలెను. బలరాముగారు చూపిన మార్గమిదియే. ఆట పోయినను ఆటయొక్క జ్ఞానము పోదు గనుక, దానిని పిల్లలకు పంచిరి. కూత ఎట్లు పట్టవలెనో, మోకాలిని ఎట్లు కాచుకొనవలెనో, మోకాలు పోగొట్టుకొనినవానికంటె బాగుగ ఎవరు చెప్పగలరు?

ఆ తలంపుతో మా బాలుని, ఆదివారములు వచ్చి పిల్లలకు నేర్పుమని యడిగితిమి. ఇంకను ఒప్పుకొనలేదు. "చూద్దామండి" అనెను. ఒప్పుకొనకపోవుటకు వానికి హక్కు కలదు; ఋణదాత యెప్పుడు పుచ్చుకొనవలెనో నిర్ణయించువాడు ఋణగ్రస్తుడు కాదు. మేము మాత్రము నెల కొకమాఱు ఆ కొట్టుముంగిటికి పోవుచున్నాము. పాతషీల్డు మాట ఎత్తము. కాయల ధర యడుగుదుము. వాని కూతురు చదువు సంగతి యడుగుదుము.

చదువరులారా, రాబోవు సంక్రాంతికి మీ యూర దీపములు వెలుగును, కూత వినబడును. మీరును కేక వేయుడు. వేయవలదని మేము చెప్పము. కాని కేక వేసిన నోటితోనే, ఇరువదియేండ్ల క్రిందట ఇదే నేలమీద గెలిచినవాడు ఇప్పు డెచ్చట నున్నాడని ప్రక్కవాని నడుగుడు. వాని యిల్లు దూరము కాదు. పండుగనాడు మీయింట వండిన అరిసెలలో రెండు వానియింటికి గొనిపోవుడు. పోయి, కూర్చుండుడు.